నిప్పును దాచిన పాత్రలు: కర్నూలు, కడప సీమల కుంపట్లు, బొగ్గుకుండలు, కట్టెల అరలు

కట్టె, పిడక, బొగ్గు, ఆరని నిప్పు: ఈ నాలుగింటినీ ఇంట్లో దాచుకోవడానికీ, ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడానికీ కర్నూలు, కడప సీమల్లో తరతరాలుగా వాడిన కుండలు, గంపలు, రాతి అరలు, ఇనుప, ఇత్తడి సామానుల గురించి ఈ వ్యాసం. ఇక్కడ సీమలంటే 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందున్న పాత కర్నూలు, కడప జిల్లాల హద్దులు.

యూరపు చలిదేశాల్లో ఇంటి నడుమ గదిలో గోడపొయ్యి ఉండేది. దాని పక్కన రాగి బొగ్గుతొట్టి, కట్టెల బుట్ట ఇంటి హోదాకు గుర్తుగా మెరుస్తుండేవి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడపల్లో ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరమే లేదు. నిప్పుకు వేరే పనులున్నాయి: వంట, వేడినీళ్లు, బాలింత గది, కంసాలి పని, కమ్మరి కొలిమి, చాకలి ఇస్త్రీ, సాంబ్రాణి ధూపం. ఏడాదికి 700 మి.మీ.కు అటూ ఇటూగా వాన కురిసే ఈ మెట్టనేలలో కట్టె ఎన్నడూ తేరగా దొరకలేదు. అందుకే ఇక్కడి పాత్రలన్నింటి వెనకా ఒకటే చింత కనిపిస్తుంది: తెచ్చిన కట్టె తడవకూడదు, కాలిన బొగ్గు వృథా కాకూడదు, రాజుకున్న నిప్పు ఆరకూడదు.

వీటిలో చాలావరకు మట్టితో చేసినవి, లేదా అల్లినవి. కుండ పగిలితే దిబ్బ మీదికి పోయేది, గంప చివికితే పొయ్యిలోకి పోయేది. పాత సామాను అంగళ్లలో మిగిలిన ఇత్తడి, రాగి వస్తువులను బట్టి ఆనాటి ఇంటిని ఊహించుకుంటే సగానికి పైగా చరిత్ర జారిపోతుంది. అందుకే ఈ వ్యాసం మట్టి పాత్రలకు ఎక్కువ చోటిస్తుంది.

గుహలో పొయ్యి, బూడిద దిబ్బలు

ఈ సీమలో నిప్పు చరిత్ర చాలా వెనక్కి పోతుంది. బేతంచెర్ల దగ్గరి బిళ్ల సర్గం సున్నపురాతి గుహలను 1844లో బ్రిటిష్ సైనికాధికారి న్యూబోల్డ్ లోకానికి తెలియజేశాడు. 1884–85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ అక్కడ తవ్వకాలు జరిపారు. అదే గుహల వరుసలోని ముచ్చట్ల చింతమాను గవిలో తర్వాతి కాలపు పరిశోధకులకు కాలిన మట్టితో ఉన్న పొయ్యి జాడ దొరికింది. ఎం.ఎల్.కె. మూర్తి, కె.ఎస్.వి. నంబి ఆ మట్టిని తాపదీప్తి (థర్మోల్యూమినిసెన్స్) పద్ధతిలో పరీక్షించి, అది సుమారు 17 వేల యేళ్ల కిందటిదని 1983లో ప్రకటించారు. దక్షిణ భారతంలో కాలం తేలిన తొలి పొయ్యిలలో అదొకటి.

ఆ తర్వాత కొత్త రాతియుగపు పశుపాలకులు పేడను గుట్టలుగా పోసి కాల్చారు. వాళ్లు వదిలిన బూడిద దిబ్బలు బళ్లారి నుంచి మహబూబ్‌నగర్ దాకా పరచుకున్నాయి. వాటిలో ఊట్నూరు దిబ్బను 1957లో పురాతత్వవేత్త ఆల్చిన్ తవ్వాడు. పేడను నిలవ చేసి కాల్చే అలవాటు ఈ మెట్టల్లో నాలుగు వేల యేళ్లకు పైబడినదని చెప్పడానికి ఆ దిబ్బలే సాక్ష్యం.

నేల ఇవ్వని బొగ్గు, పరాయి చెట్టు ఇచ్చిన కట్టె

కర్నూలు, కడప నేలల్లో నేలబొగ్గు లేదు, ఉండే వీలు కూడా లేదు. కడప శిలలు నూరు కోట్ల యేళ్లకు పైబడినవి. బొగ్గుగా మారవలసిన చెట్లు అప్పటికి భూమ్మీద పుట్టనేలేదు. ఈ శిలల మీద 1872లో పెద్ద గ్రంథం వెలువరించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్, దాదాపు అదే రోజుల్లో ఉత్తరాన ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గును గుర్తించాడు. కడప వాసుల ఇళ్లలో బొగ్గంటే మాత్రం ఎప్పుడూ కట్టెబొగ్గే.

ఆ కట్టె నల్లమల, ఎర్రమల, లంకమల, పాలకొండ, శేషాచలం కొండల నుంచి వచ్చేది. చండ్ర, తుమ్మ, చిరుమాను గట్టి నిప్పునిస్తాయి. కొండవార పల్లెల్లో ఇనుపరాయి కరిగించే కొలుములకు, ఊరి కమ్మరి కొలిమికి కూడా ఈ బొగ్గే కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవికి హద్దురాళ్లు పడ్డాయి. అప్పటిదాకా చేతికందిన కట్టెకు రుసుము కట్టవలసి వచ్చింది, లేదా దొంగచాటుగా తెచ్చుకోవలసి వచ్చింది. రైలు వచ్చాక మరో గిరాకీ పుట్టింది. మద్రాసు రైల్వే తొలినాళ్ల ఇంజిన్లు కట్టెలతోనే నడిచాయి.

ఈ కొరతకు ప్రభుత్వం వెతికిన మందు కడప జిల్లాలోనే నాటుకుంది. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో ప్రోసోపిస్ విత్తనాలు కావాలని రాశాడు. జమైకా నుంచి వచ్చిన ఆ విత్తనాలను 1877లో కమలాపురంలో చల్లారు. ధాత కరువు జనాన్ని కబళిస్తున్న సంవత్సరమది. సర్కారు తుమ్మ, కంపచెట్టు అని జనం పిలిచే ఆ మెక్సికో జాతి మొక్క దేశంలో తొలిసారి వేళ్లూనిన చోట్లలో కమలాపురం ముఖ్యమైనది. నూటయాభై యేళ్లు తిరగకుండానే అది చెరువు కట్టలనూ బీళ్లనూ ఆక్రమించి, పేదింటి పొయ్యికి ప్రధానమైన కట్టె అయింది. ఎండు సర్కారు తుమ్మ మెల్లగా, పొగ తక్కువగా కాలుతుంది, మంచి బొగ్గునిస్తుంది. భూగర్భ జలాలకూ పచ్చిక బీళ్లకూ దానివల్ల జరిగిన చేటు చిన్నది కాదు. అయినా ఎందరో ఆడవాళ్లకు కొండదాకా నడిచే బాధ తగ్గించిన చెట్టు అదేనన్న మాట కూడా చెప్పుకోవాలి.

అడవికి దూరంగా, నల్లరేగడి నేలల్లో ఉన్న ఊళ్లకు పొలమే అడవి. కందికట్టె, పత్తికట్టె, ఆముదపు కట్టె, జొన్న కొయ్యకాళ్లు, శెనక్కాయల పొట్టు, ఎనుముల పేడ: వీటితోనే ఏడాదంతా గడవాలి. నిలవ చేసే పద్ధతులు ఇక్కడే ఎక్కువగా పుట్టాయి.

కట్టెల చోటు

కందికట్టె, పత్తికట్టె మోపులను ఇంటి వెనక దొడ్డిలో వామి వేసేవారు. అడుగున వరసగా రాళ్లు పేర్చి, వాటి మీద మోపులు నిలిపేవారు. నేల తగిలితే చెదలు పడుతుంది. పైన జొన్న చొప్ప గానీ బోద గానీ కప్పేవారు. వామిలోంచి కట్టె లాగేముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టడం ప్రతి ఇంటా పిల్లలకు నేర్పిన జాగ్రత్త. తేళ్లు, జెర్రులు ఆ నీడలోనే కాపురముంటాయి.

పిడకల నిలవ దానికదే ఒక కట్టడం. ఎండిన పిడకలను గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా పేర్చుకుంటూ పైకి సన్నగా తెచ్చి, బయటంతా పేడతో అలికేవారు. ఆ పూత ఎండాక లోపలికి వాన చుక్క దిగదు. వాడుకోవడానికి ఒక పక్క చిన్న బొక్క పెట్టి, అవసరమైనప్పుడల్లా తీసుకొని మళ్లీ మూసేవారు. ఆషాఢం లోపల ఈ గూడు నిండకపోతే వానాకాలమంతా తిప్పలే. పిడకకు ఈ సీమలో ఎంత చనువుందో ఆస్పరి మండలం కైరుప్పల చెబుతుంది. ఉగాది మరునాడు వీరభద్రుడు, కాళికల పేరిట ఊరు రెండు పక్షాలుగా చీలి పిడకలతో కొట్టుకుంటుంది. దానికోసం ముందే గుట్టగా కూడబెట్టుకుంటారు.

వంటింట్లో ఆ పూటకు కావలసిన కట్టె పొయ్యి పక్కనే ఉండాలి. మట్టి మిద్దెల్లో పొయ్యి గద్దెకు ఆనుకొని గోడలో ఒక గూడు గానీ, గద్దె కింద ఒక అర గానీ వదిలేవారు. పొయ్యి వేడికి ఆ కట్టె తనంతట తాను ఆరుతుంది. స్తోమత ఉన్నవాళ్లు ఆ అరకు పలకలు పరిచేవారు. కడప బండలు, బేతంచెర్ల బండలు దేశమంతటా వంటింటి గద్దెలుగా, అల్మరా అరలుగా పేరు పొందాయి గానీ వాటి పుట్టిల్లు ఇదే. నాపరాయి బరువు మోస్తుంది, చెదను రానివ్వదు. నేరుగా మంట తగిలితే మాత్రం పొరలు విడి టప్పున పగులుతుంది. ఎందుకంటే అది సున్నపురాయి. కాబట్టి కట్టెలు పెట్టే చోట బండ, నిప్పు పెట్టే చోట మట్టి అనే విభజన పాత వంటిళ్లలో కచ్చితంగా కనిపిస్తుంది. పొగ పోవడానికి పైన మిద్దెలో గవాచి ఉండేది.

బొగ్గు నిలవకు గంప వాడేవారు. నల్లమల వెదురుతో మేదరులు అల్లినవీ, ఈత బరికెలతో ఎరుకలవాళ్లు అల్లినవీ సంతల్లో దొరికేవి. అల్లిక సందుల్లోంచి బొగ్గుపొడి రాలకుండా లోపలా బయటా పేడ, మట్టి కలిపి అలికేవారు.

ఆర్పి దాచే కుండ

ఈ సామానంతటిలో నాకు అన్నింటికంటే తెలివైనదిగా తోచేది బొగ్గులు ఆర్పే కుండ. వంట ముగిశాక పొయ్యిలో కణకణలాడే నిప్పులు మిగులుతాయి. వాటిని అలాగే వదిలేస్తే బూడిదవుతాయి. నీళ్లు చల్లితే బొగ్గు దక్కుతుంది గానీ అది మళ్లీ ఎండాలి, పైగా చిట్లి ముక్కలవుతుంది. అందుకని గరిటతోనో పట్టకారుతోనో నిప్పులను తీసి, మందమైన కుండలో వేసి, పైన మూకుడు బోర్లించి, అంచుకు తడి మట్టి గానీ తడిగుడ్డ గానీ చుట్టేవారు. గాలి అందక నిప్పు చస్తుంది, బొగ్గు పొడిగా, గట్టిగా మిగులుతుంది. ఆ బొగ్గే సాయంత్రం కుంపట్లోకి, మరునాడు ఇస్త్రీ పెట్టెలోకి పోతుంది.

దీని లాభం లెక్కల్లోనూ తెలుస్తుంది. కిలో ఎండు కట్టె సుమారు నాలుగు వేల కిలో కేలరీల వేడినిస్తే, కిలో మంచి కట్టెబొగ్గు ఏడు వేలకు దగ్గరగా ఇస్తుంది. మట్టి బట్టీలో కిలో బొగ్గు తయారు చేయడానికి అయిదారు కిలోల కట్టె తగలబెట్టాలి. వంట చేసుకుంటూనే పైసా ఖర్చు లేకుండా ఆ బొగ్గును పట్టుకునే కుండ ఇది. జపానువాళ్లు ఇదే పనికి మూతగల మట్టి జాడీని వాడారు, హాలెండువాళ్లు మూతగల రాగి, ఇత్తడి కుండలు చేయించుకున్నారు. డచ్చి కుండలు ఈనాడు పాత వస్తువుల వేలంలో అమ్ముడుపోతాయి. మన కుండకు వెల కట్టినవారు లేరు. కుమ్మరి దాన్ని వేరే పేరుతో చేయలేదు. అడుగు మందంగా ఉన్న పాత కూరకుండ, అంచు పగిలిన బాన, ఏదో ఒకటి ఆ పనికి దిగేది. లోపలంతా నల్లగా, బయట ఎర్రగా ఉండి, మూతి చుట్టూ మట్టి పూసిన గుర్తులుంటే అది ఈ పనికి వాడిన కుండేనని పోల్చుకోవచ్చు.

దీనికి ఎదురు పని నిప్పును ఆరకుండా దాచడం. అగ్గిపెట్టె సీమ పల్లెలకు పందొమ్మిదో శతాబ్ది చివర్లో మెల్లగా వచ్చింది. 1920ల తర్వాత శివకాశి పెట్టెలతో చౌక అయింది. అంతకుముందు రాత్రి పడుకునేముందు ఇల్లాలు పెద్ద పిడక ఒకదాన్ని రాజేసి, దానిపై బూడిద కప్పి ఉంచేది. తెల్లవారి బూడిద తోసి ఎండుటాకు వేసి ఊదుడు గొట్టంతో ఊదితే మంట లేచేది. ఆరిపోతే పొరుగింటికి పెంకు పట్టుకుని అగ్గి అడగడానికి పోవాలి. దీపాలు పెట్టిన తర్వాత అగ్గి ఇవ్వరాదనే పట్టింపు ఎన్నో ఇళ్లలో ఉండేది. కాబట్టి నిప్పు నిలుపుకోవడం ఇల్లాలి నేర్పు కింద లెక్క. పాలు కాగబెట్టే దాలి గుంట కూడా ఇలాంటిదే. పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి మూత వేస్తే పొద్దుగూకే దాకా సన్నని సెగ తగులుతూ మీగడ ఎర్రగా, మందంగా కడుతుంది.

కుంపటి, పొట్టు పొయ్యి

మోసుకుపోగల పొయ్యి కుంపటి. కుమ్మరి దాన్ని మామూలు కుండమట్టితో చేయడు. ఇసుక, ఊక లేక బూడిద ఎక్కువ కలుపుతాడు. లేకుంటే సెగకు బీటలు వారుతుంది. పైన బొగ్గులు పట్టే తొట్టి, దాని అడుగున చిల్లుల బిళ్ల, కింద గాలి దూరే నోరు, పై అంచున గిన్నె నిలవడానికి మూడు గుబ్బలు. కింది నోటికి విసనకర్ర ఆడిస్తే గాలి చిల్లుల్లోంచి ఎగసి బొగ్గు రాజుకుంటుంది, బూడిద కిందికి రాలుతుంది. నోరు సగం మూస్తే సెగ తగ్గుతుంది. ఈ కొలత తెలిసిన చేతికి పప్పు మాడదు. ఇనుప కుంపట్లు తర్వాత వచ్చాయి. పాత బొక్కెనకో కిరసనాయిలు డబ్బాకో ఊచలు బిగించి, లోపల మట్టి మెత్తి, పట్టుకోవడానికి తీగ పిడి తగిలించేవారు. ఇరవయ్యో శతాబ్దిలో కర్నూలు, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు పట్నాల అద్దె ఇళ్లలో, హోటళ్లలో ఎక్కువగా కనిపించినవి ఇవే. కట్టెల అడితీలో కట్టెతో పాటు బొగ్గు కూడా బస్తా లెక్కన అమ్మేవారు.

పొట్టు పొయ్యిలో పాత్రే కట్టెల గది కూడా. గుండ్రటి డబ్బా పక్కన అడుగున ఒక బొక్క పెడతారు. నడుమ నిలువుగా ఒక గుండ్రటి కర్ర నిలిపి, అడుగు బొక్కలోంచి ఇంకో కర్ర దూర్చి రెండింటినీ కలుపుతారు. చుట్టూ రంపపు పొట్టు గానీ, వడ్ల ఊక గానీ, శెనక్కాయల పొట్టు గానీ పోసి రోకలితో గట్టిగా కూరుతారు. తర్వాత కర్రలు మెల్లగా తిప్పుతూ తీసేస్తే లోపల గాలి దారి మిగులుతుంది. కింద నిప్పు పెడితే ఒక డబ్బా గంటల తరబడి మండుతుంది. నూనె మిల్లులూ జిన్నింగు మిల్లులూ రంపపు మిల్లులూ ఉన్న ఆదోని, నంద్యాల, ప్రొద్దుటూరు పక్కల చౌకగా బతికించిన పొయ్యి ఇది. కూరడంలో తప్పు జరిగితే మధ్యలో గోడ కూలి ఇల్లంతా పొగ కమ్ముతుంది.

వంటింటి గడప దాటి

బాలింత గదిలో మంచం దగ్గర నిప్పుల కుంపటి పెట్టేవారు. పసిబిడ్డకు తలంటు పోశాక కణకణలాడే నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురు గంప బోర్లించి, దానిమీద ఆరవేసిన బట్టలకూ తల్లి తడిజుట్టుకూ ఆ పొగ పట్టించేవారు. తలుపులు మూసిన గదిలో రాత్రంతా బొగ్గుల కుంపటి ఉంచడం ప్రాణాపాయం. వాసన లేని విషవాయువు పడుకున్నవాళ్లను లేవనివ్వదు. కర్నూలు నవాబుల పాలన 1839 దాకా సాగిన సీమలో ముస్లిం ఇళ్లలోనూ దర్గాల్లోనూ ఊద్‌దాన్లు ఉండేవి. ఇత్తడితో చేసిన ఆ ధూపపాత్రలే ఈనాటికీ చెడకుండా మిగిలిన నిప్పు సామానులో అందమైనవి.

ప్రొద్దుటూరు బంగారు వర్తకానికి రెండో బొంబాయిగా పేరుబడ్డ ఊరు. అక్కడి కంసాలి ముందు ఎప్పుడూ ఒక మట్టి కుంపటి ఉండేది. నిండా బూడిద, నడుమ పిడికెడు బొగ్గు. గొట్టంతో ఊది నిప్పుకొనను బంగారం మీదికి తిప్పేవాడు. ఆ కుంపటి బూడిదను ఎవరూ పారబోసేవారు కాదు. అందులో కలిసిన బంగారు రజను కోసం జలగడుగువారు దాన్ని కొనుక్కుపోయి కడిగేవారు.

చాకలి ఇస్త్రీ పెట్టె కూడా బొగ్గుపెట్టే. ఇత్తడి గానీ పోతఇనుము గానీ, మూతకు చీల, పక్కల గాలి చిల్లులు. రాగి బాయిలరు మరీ చక్కని వస్తువు. నడుమ నిలువు గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్లు. వేడంతా నీటికే పోతుంది గనుక రెండు పిడికిళ్ల బొగ్గుతో ఇంటిల్లిపాది స్నానాలయ్యేవి. అవి లేని ఇళ్లలో నీళ్ల కాగు కింద కంప తోయడమే.

ఇంగ్లీషు తరహా గోడపొయ్యికి పాత కడప జిల్లాలో తగిన చోటంటూ ఉంటే అది మదనపల్లె తాలూకాలోని ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగుల ఎత్తున ఉండే ఆ కొండ మీద పందొమ్మిదో శతాబ్దిలో కడప కలెక్టరు హార్స్‌లీ బంగళా కట్టించుకున్నాడు. జనం నోట అది హార్స్‌లీ కొండ అయింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె అటు పోయింది. మైదానపు బంగళాల్లో దొరలకు కావలసింది పంకా గానీ పొయ్యి కాదు. వాళ్ల వంటిల్లు కూడా విడిగా, బంగళా వెనక, మన పొయ్యిలతోనే ఉండేది.

ఆరిన పొయ్యిలు

హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు 1950లలో పొగగొట్టం ఉన్న పొయ్యిని రూపొందించాడు. 1983లో కేంద్రం పొగలేని పొయ్యిల పథకం పెట్టింది. 1999లో ఆంధ్రప్రదేశ్ దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం పల్లె ఇళ్లకు గ్యాసు బండను తెచ్చాయి. పొగతో కళ్లు పాడైన ఆడవాళ్లకు అది నిజమైన విముక్తి, అందులో సందేహం లేదు. బొగ్గు కుండ, ఊదుడు గొట్టం అటక ఎక్కాయి. ఇప్పుడు సర్కారు తుమ్మ బొగ్గు ఎక్కువగా హోటళ్లకూ, కబాబుల అంగళ్లకూ, మొక్కజొన్న పొత్తులు కాల్చేవారికీ పోతోంది. నేలబొగ్గు పుట్టని కడప జిల్లాకు ఇప్పుడు ఆ నేలబొగ్గే కరెంటు కోసం రైళ్ల మీద వస్తోంది. 1994లో మొదటి యూనిట్ మొదలైన ముద్దనూరు దగ్గరి రాయలసీమ తాప విద్యుత్కేంద్రం ఇప్పుడు 1,650 మెగావాట్లది.

పాతవి చేతికొస్తే

కడపలో 1982లో నెలకొన్న భగవాన్ మహావీర్ మ్యూజియం వంటి సంస్థలకు శిల్పాలూ నాణేలూ ముఖ్యం. ఇంటి నిప్పు సామానుకు చోటు ఇళ్లల్లోనే దొరకాలి. ఇత్తడి ఇస్త్రీ పెట్టె అసలుదో నకలుదో చూడాలంటే లోపలి అడుగు చూడాలి. నిజంగా వాడినదైతే అక్కడి ఇనుప ఊచలు పొలుసులు లేచి, వంకరపోయి ఉంటాయి. కొత్తగా చేసి పాతదని అమ్మేవాటికి బయట మాత్రమే నలుపు పూస్తారు. మట్టి కుంపటిని నీళ్లతో కడగరాదు. యేళ్ల తరబడి సెగకు మాగిన మట్టి తడి తగిలితే పొట్టు రాలుతుంది. మెత్తని కుంచెతో బూడిద దులిపితే చాలు. రాగి బాయిలరు లోపలి గొట్టానికి చిల్లు పడిందేమో నీళ్లు పోసి ఒక రాత్రి చూడాలి. కొనేటప్పుడు అమ్మినవారి ఊరు, వాడిన ఇల్లు, దాన్ని వాళ్లు ఏమని పిలిచేవారో రాసిపెట్టుకోవాలి. మట్టి పాత్రకు కుమ్మరి ముద్ర ఉండదు, తేదీ ఉండదు. ఆ చిన్న చీటీ ఒక్కటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెబుతుంది.